ఇన్‌స్టాలర్ డిస్కులో మూసిన ఫర్మ్‌వేర్: ఒక సంవాదం

వాది: ఒక ఆపరేటింగ్ సిస్టమ్ యోగ్యత కొత్త యంత్రంలోకి అది ప్రవేశించే మొదటి అరగంటలోనే తేలిపోతుంది. స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మించిన యునిక్స్ తరహా వ్యవస్థలలో పెద్దదైన డెబియన్‌ను తీసుకుంటే, 2023 జూన్ 10న దాని 12వ వెర్షన్ విడుదలయ్యేంతవరకు, అధికారిక ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ల్యాప్‌టాప్‌ను ప్రారంభించిన ఎందరికో పని నెట్‌వర్క్ దశ దగ్గరే ఆగిపోయేది. వైఫై కార్డు పాడైనందువల్ల కాదు, దానికి డ్రైవర్ లేనందువల్లా కాదు. ఇటువంటి కార్డు లోపల సొంతంగా ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. కంప్యూటర్ ప్రధాన ప్రాసెసర్ మీద నడుస్తూ కార్డుతో సంభాషించే ప్రోగ్రామును డ్రైవర్ అనీ, కార్డులోని చిన్న ప్రాసెసర్ మీద నడిచే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అనీ అంటారు. ఫర్మ్‌వేర్‌ను కార్డులోనే శాశ్వతంగా నిలిపి ఉంచే చిప్ ఖర్చు తప్పించుకోవడానికి తయారీదారులు, కంప్యూటర్ వెలిగిన ప్రతిసారీ డ్రైవరే దానిని కార్డులోకి పంపేలా ఏర్పాటు చేశారు. ఇంటెల్ వైఫై కార్డులు పనిచేసేది ఈ పద్ధతిలోనే. ఆ ఫైలుకు సోర్స్ కోడ్ ఇవ్వలేదు గనుక డెబియన్ దానిని అధికారిక డిస్కులో చేర్చలేదు. ఫలితంగా ఫర్మ్‌వేర్ తెచ్చుకోవడానికి నెట్‌వర్క్ కావాలి, నెట్‌వర్క్ పనిచేయడానికి ఫర్మ్‌వేర్ కావాలి. తర్కశాస్త్రంలో అన్యోన్యాశ్రయ దోషమనేది ఇదే. సన్నని ల్యాప్‌టాప్‌లలో కేబుల్ పెట్టే ఈథర్‌నెట్ పోర్టు కూడా కనుమరుగైన కాలంలో ఈ స్థితిని నియమం పేరుతో కొనసాగించడం సమర్థనీయం కాదు.

ప్రతివాది: వర్ణన నిజమే, దోషం ఎవరిదన్న నిర్ణయమే సరికాదు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్, 1997లో సామాజిక ఒప్పందమనే పత్రాన్ని ప్రకటించి, తాను పంచిపెట్టే వ్యవస్థ పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే ఉంటుందని వినియోగదారులకు మాట ఇచ్చింది. స్వేచ్ఛ అంటే ఇక్కడ ధరకు సంబంధించినది కాదు. ప్రోగ్రామును ఏ పనికైనా నడపడానికి, దాని సోర్స్ కోడ్‌ను చదవడానికి, మార్చడానికి, ఇతరులకు పంచడానికి గల హక్కు. కొందరు ఫర్మ్‌వేర్‌ను హార్డ్‌వేర్‌లో ఒక భాగంగా భావించి ఈ నియమం నుంచి మినహాయించాలంటారు, కాని అది కూడా ఒక మనిషి ఒక భాషలో రాసి, కంపైల్ చేసి, తప్పులు దొర్లితే మళ్లీ సవరించి విడుదల చేసే ప్రోగ్రామే. డిస్కులో అది ఇతర ఫైళ్ల పక్కనే ఒక ఫైలుగా ఉంటుంది. ఆ డిస్కు మీద డెబియన్ పేరుంటే, లోపలి ప్రతి ఫైలుకూ ఆ సంస్థ పూచీపడుతున్నట్లే లెక్క. లోపల ఏముందో తనకే తెలియని ప్రోగ్రాముకు ఏ సంస్థ అయినా పూచీ ఎట్లా పడగలదు? 2011 ఫిబ్రవరిలో వచ్చిన 6వ వెర్షన్‌లో కెర్నల్ నుంచి, అంటే వ్యవస్థకు మూలమైన కేంద్ర ప్రోగ్రాము నుంచి, మూసిన, అంటే సోర్స్ కోడ్ ఇవ్వని, ఫర్మ్‌వేర్ ఫైళ్లన్నిటినీ ఏరివేసి వేరుగా పెట్టడం ఛాందసం వల్ల జరిగిన పని కాదు. ఇచ్చిన మాటను ఆలస్యంగానైనా నిలబెట్టుకోవడం.

వాది: మాట నిలబెట్టుకోవడం గౌరవించదగినదే. అయితే ఆ మాట యంత్రంలో ఎంత మేరకు వర్తిస్తున్నదో కూడా చూడాలి. కంప్యూటర్ వెలిగిన వెంటనే నడిచే యూఈఎఫ్‌ఐ, అంటే హార్డ్‌వేర్‌ను మేల్కొలిపి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించే తొలి ప్రోగ్రాము, చాలా యంత్రాలలో మూసినదే. ఎస్‌ఎస్‌డీ లోపల, కీబోర్డును నడిపే కంట్రోలర్ లోపల, ల్యాప్‌టాప్ బ్యాటరీ లోపల కూడా సోర్స్ కోడ్ దొరకని ప్రోగ్రాములు నడుస్తూనే ఉంటాయి. అవి చిప్‌లలో ముందే నిండి వస్తాయి గనుక ఎవరూ ప్రశ్నించరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కూడా, హార్డ్‌వేర్‌కు తాను ఇచ్చే ధ్రువీకరణ నియమాలలో, పరికరంలోని సహాయక ప్రాసెసర్ మీద కొనుగోలుకు ముందే ఎక్కించి, ఆ తరువాత మార్చే ఉద్దేశం లేని ప్రోగ్రామును లెక్కలోకి తీసుకోనవసరం లేదని మినహాయింపు ఇచ్చింది. అంటే ఒకే ప్రోగ్రాము చిప్‌లో దాగి ఉంటే దోషం కాదు, డిస్కులో ఫైలుగా కనిపిస్తే దోషం. ఈ నియమం తయారీదారునికి ఇచ్చే సలహా ఏమిటి? మూసిన ప్రోగ్రామును ఎవరికీ అందని చోట ఇంకా లోతుగా దాచమని కదా! మరొక మాట. డిస్కులో ఉన్న ఫర్మ్‌వేర్‌ను ఏనాటికైనా స్వేచ్ఛా ఫర్మ్‌వేర్‌తో మార్చే అవకాశం ఉంటుంది, చిప్‌లో కాల్చి పెట్టిన దానికి ఆ అవకాశమే లేదు.

ప్రతివాది: ఆ మినహాయింపు తర్కానికి పూర్తిగా నిలవదని ఒప్పుకోక తప్పదు. సాధ్యమైన చోట గీత గీయడానికి చేసిన ప్రయత్నమది; గీత వంకరగా పడింది. కాని గీత వంకరగా ఉన్నంత మాత్రాన దానిని చెరిపివేయాలన్నది న్యాయమైన వాదన కాదు. చిప్‌లోని ప్రోగ్రామును తయారీదారుడు అమ్మాడు, కొనుగోలుదారుడు కొన్నాడు. ఆ లావాదేవీలో డెబియన్ లేదు. డిస్కులోని ఫైలును మాత్రం డెబియనే స్వయంగా అందిస్తున్నది, సరికొత్త వెర్షన్లనూ తానే పంపుతున్నది.

పైగా ఈ ఫైళ్లు నిరపాయకరమైనవి కావు. వైఫై కార్డు వంటి పరికరాలకు చాలా సందర్భాలలో డీఎంఏ అనే అధికారం ఉంటుంది. ప్రధాన ప్రాసెసర్ ప్రమేయం లేకుండా కంప్యూటర్ మెమరీని నేరుగా చదివే, రాసే సామర్థ్యమది. ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ ఏర్పాటు ఆ పరిధిని కుదించగలదు గాని, అది ప్రతి యంత్రంలోనూ ఉండదు, ఉన్నచోట కూడా అన్నివేళలా చేతనం చేసి ఉండదు. 2017లో గూగుల్ ప్రాజెక్ట్ జీరో పరిశోధన, ఫోన్లలో వాడే బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఫర్మ్‌వేర్‌లోని లోపాన్ని ఆధారం చేసుకొని, రేడియో తరంగాల మీదుగానే చిప్‌ను, దాని ద్వారా ఫోను మొత్తాన్ని వశపరచుకోవచ్చునని నిరూపించింది. కెర్నల్‌లోని ప్రతి వాక్యాన్నీ వేల మంది చదవగలిగే వ్యవస్థలో, ఎవరూ చదవలేని ఒక ద్వారాన్ని వ్యవస్థే తెచ్చి బిగించడం ఇది.

వాది: ఆ ఉదాహరణ చివరిదాకా చెప్పుకోవాలి. ఆ లోపం సరిదిద్దింది కొత్త ఫర్మ్‌వేర్‌తోనే, అదీ మూసినదే. పాతది వదిలి కొత్తది వేసుకున్నవారు రక్షణ పొందారు, వేసుకోనివారికి లోపం అలాగే మిగిలింది. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే పేర్లతో ప్రాసెసర్ల నిర్మాణంలోనే ఉన్న లోపాలు బయటపడినప్పుడు ఇది మరింత స్పష్టమైంది. ప్రాసెసర్ తన ఆదేశాలను లోపల ఎట్లా అమలు చేయాలో నిర్దేశించే మైక్రోకోడ్ అనే మూసిన ప్రోగ్రాము ప్రతి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్‌లోనూ ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది. స్పెక్టర్‌లోని కొన్ని రకాల దాడులకు విరుగుడు ఆ మైక్రోకోడ్‌కు వచ్చిన సవరణలలోనే ఉంది. తయారీదారుడు పాత మదర్‌బోర్డులకు యూఈఎఫ్‌ఐ సవరణలు ఇవ్వడం మానేసినప్పుడు, ఆ మైక్రోకోడ్‌ను వినియోగదారునికి చేర్చగల మార్గం ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే. మూసిన ఫైలును డిస్కులో పెట్టనని వ్యవస్థ నిరాకరిస్తే వినియోగదారుని ప్రాసెసర్ స్వేచ్ఛ పొందదు, అదే మూసిన ప్రోగ్రాము పాత వెర్షన్, తెలిసిన లోపంతో సహా, దానిలో నడుస్తూ ఉంటుంది. ఇక్కడ ఎంపిక చేసుకోవలసింది పాత మూసిన ప్రోగ్రాముకూ కొత్త మూసిన ప్రోగ్రాముకూ మధ్యనే గాని, మూసినదానికీ స్వేచ్ఛకూ మధ్య కాదు.

ప్రతివాది: మీ వాదనలన్నిటిలోనూ ఇది బలమైనది, మైక్రోకోడ్ విషయంలో దీనికి ఎదురు చెప్పడం కష్టం. ఈ ఒక్క వర్గానికి వేరే నియమం పెట్టుకోవడానికి అభ్యంతరం ఉండనవసరం లేదు.

కాని దానిని సాకుగా చూపి వైఫై, గ్రాఫిక్స్, ధ్వని అన్నిటికీ తలుపు తెరిచే ముందు, ఇంతవరకు స్వేచ్ఛగా పనిచేస్తున్న హార్డ్‌వేర్ ఆ స్థితికి ఎట్లా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. 1995లో థియో డి రాట్ నాయకత్వంలో కెనడాలోని కాల్గరీ కేంద్రంగా మొదలైన ఓపెన్‌బీఎస్‌డీ అనే మరొక స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ బృందం, వైఫై చిప్‌ల తయారీదారుల మీద, చిప్‌ను నడిపే విధానం తెలిపే పత్రాల కోసం బహిరంగంగా ఒత్తిడి తెచ్చింది. కొందరు దిగివచ్చారు, కొందరు రాలేదు. రాని చోట ఆ బృందం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. అథెరాస్ చిప్‌లకు తయారీదారుడు మూసి ఉంచిన డ్రైవర్ భాగాన్ని, దాని ప్రవర్తనను పరిశీలించి కొత్తగా రాశారు. డెబియన్‌కు కెర్నల్ అయిన లినక్స్‌లో ఏటీహెచ్5కే అనే స్వేచ్ఛా డ్రైవర్ పుట్టింది ఆ పని ఆధారంగానే. 2008లో అదే అథెరాస్ తన తరువాతి తరం చిప్‌లకు ఏటీహెచ్9కే అనే డ్రైవర్‌ను స్వయంగా సోర్స్ కోడ్‌తో విడుదల చేసింది. ఆ పీసీఐ కార్డులకు ఫర్మ్‌వేర్ ఫైలే అక్కరలేదు. యూఎస్‌బీ రకానికి కావలసిన ఫర్మ్‌వేర్ సోర్స్ కూడా 2013లో బయటికి వచ్చింది. 2005లో అడాప్టెక్ సంస్థ తన రెయిడ్ కార్డుల, అంటే అనేక డిస్కులను ఒక్కటిగా నడిపే కార్డుల, పత్రాలు ఇవ్వనప్పుడు ఓపెన్‌బీఎస్‌డీ ఆ డ్రైవర్‌ను తన ప్రామాణిక కెర్నల్ నుంచి తీసివేసింది. కార్డు ఉన్నవారు బాధపడతారని తెలిసే చేసిన పని అది. ఇన్‌స్టాలర్ ఆగిపోయినప్పుడు కలిగే ఆ చిరాకు తయారీదారుని గుమ్మం దాకా చేరినందువల్లనే ఇవన్నీ సాధ్యమయ్యాయి. మూసిన ఫైలు నిశ్శబ్దంగా ఎక్కిపోయే డిస్కును ఇస్తే ఎవరు ఎవరిని అడుగుతారు, ఏమని అడుగుతారు?

వాది: ఆ చరిత్రకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడే ప్రతివారూ రుణపడి ఉన్నారు, దానిని తక్కువ చేయడం కృతఘ్నత. అయితే ఆ ఒత్తిడికి పదును ఉన్న కాలం గడిచిపోయిందా అన్నది విచారించాలి. 2014లో వచ్చిన రెండో తరం మాక్స్‌వెల్ గ్రాఫిక్స్ కార్డుల నుంచి ఎన్విడియా తన ఫర్మ్‌వేర్‌కు డిజిటల్ సంతకం పెట్టింది; సంస్థ రహస్య తాళంతో సంతకం చేయని ప్రోగ్రామును కార్డు స్వీకరించదు. దానివల్ల నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్ రాసినవారు ఎంత నేర్పరులైనా ఆ కార్డులను పూర్తి వేగంతో నడపలేకపోయారు. పరిశీలించి రాసుకోవడమనే దారే మూసుకుపోయింది. మీరు ఆదర్శంగా చూపిన ఓపెన్‌బీఎస్‌డీ కూడా ఈ ప్రశ్నకు మీరిచ్చే జవాబు ఇవ్వదు. ప్రధాన ప్రాసెసర్ మీద నడిచే మూసిన డ్రైవర్‌ను అది ససేమిరా ఒప్పుకోదు. పరికరం లోపల నడిచే ఫర్మ్‌వేర్‌ను మాత్రం, పంచిపెట్టడానికి అనుమతి ఉంటే చాలని అంగీకరించి, మొదటిసారి వ్యవస్థ వెలిగినప్పుడు ఎఫ్‌డబ్ల్యు-అప్‌డేట్ అనే ప్రోగ్రాము ద్వారా తానే తెప్పిస్తుంది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది చూపులేనివారి విషయం. డెబియన్ ఇన్‌స్టాలర్‌ను తెర చూడకుండా మాట విని నడిపించే ఏర్పాటు ఉంది. బూట్ మెనూలో ఒక అక్షరం నొక్కితే స్పీచ్ సింథసిస్ మొదలై ప్రతి ప్రశ్ననూ చదివి వినిపిస్తుంది. ఇటీవలి అనేక ల్యాప్‌టాప్‌లలో ధ్వని కూడా ఫర్మ్‌వేర్ ఎక్కితే తప్ప పలకదు. ఫర్మ్‌వేర్ లేని డిస్కు అట్టివారికి ఒక్క మాట కూడా పలకదు, తప్పు ఎక్కడ జరిగిందో కూడా చెప్పదు. చూపున్నవారు తెర మీది సందేశం చదివి, వేరే పెన్‌డ్రైవ్ తెచ్చి, ఎట్లాగో గట్టెక్కుతారు. వీరికి ఆ దారి లేదు. తయారీదారుని మీద ఒత్తిడి తేవడానికి ఎవరి కష్టాన్ని సాధనంగా వాడుతున్నారో ఆలోచించాలి.

ప్రతివాది: దీనికి జవాబు లేదు. చూపులేని వినియోగదారుని ఇన్‌స్టాలర్ గుమ్మంలోనే ఆపివేసే నియమాన్ని స్వేచ్ఛ పేరుతో సమర్థించలేరు, సమర్థించకూడదు.

తక్కిన సందర్భాలలో మాత్రం ఫర్మ్‌వేర్ లేకపోవడమే అన్ని అవరోధాలకూ మూలమన్నట్లు మాట్లాడడం అతిశయోక్తి. కొత్త ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించని సందర్భంలో కారణం సాధారణంగా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పేరుతో యూఈఎఫ్‌ఐలో పెట్టిన రెయిడ్ అమరిక. దానిని ఏహెచ్‌సీఐ అనే ప్రామాణిక పద్ధతికి మార్చితే డిస్కు ప్రత్యక్షమవుతుంది. అదే యంత్రంలో విండోస్ కూడా ఉంటే, మార్చేముందు దానిని సేఫ్ మోడ్‌లో తెరిచేలా సిద్ధం చేసుకోవాలి, లేకుంటే అది తెరుచుకోకపోవచ్చు. సెక్యూర్ బూట్, అంటే సంతకం లేని బూట్ ప్రోగ్రామును యంత్రం తిరస్కరించే ఏర్పాటు, 2019లో వచ్చిన 10వ వెర్షన్ దాకా డెబియన్‌కు మరొక అడ్డంకి. వీటికీ డిస్కులోని ఫర్మ్‌వేర్ ఫైళ్లకూ సంబంధం లేదు. మీరు మొదట చెప్పిన అన్యోన్యాశ్రయ దోషానికి కూడా ఇంటింటా ఉన్న పరిష్కారం ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ చేతనం చేస్తే, ఫోను ఒక ఈథర్‌నెట్ కార్డుగా కనిపిస్తుంది. దానికి కావలసిన డ్రైవర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంది, ఫర్మ్‌వేర్ అక్కరలేదు.

వాది: ఫోను ఉపాయం మంచిదే, ఇన్‌స్టాల్ చేయబోయే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసినదే. అయితే ఆ ఉపాయం తెలిసినవారికి మిగతా ఉపాయాలూ తెలిసే ఉంటాయి. తెలియనివారి సంగతే అసలు ప్రశ్న. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వంటి సంస్థలు ఇంజనీరింగ్ కళాశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేస్తుంటాయి. అట్లాంటి చోట తొలిసారి లినక్స్ పేరు విని, ఇంటికి వెళ్లి తన ల్యాప్‌టాప్‌లో తానే ప్రయత్నించే విద్యార్థిని ఊహించాలి. డెబియన్ ఇన్‌స్టాలర్ భాషల పట్టికలో తెలుగు ఉంది. ఆ విద్యార్థి తెలుగును ఎంచుకొని, రెండు మెట్లు దాటగానే, ఐడబ్ల్యుఎల్ వైఫై అన్న మాటతో మొదలై అంకెలతో కూడిన ఒక ఫైలు పేరు చూపించి, అది ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టమని ఇన్‌స్టాలర్ అడిగేది. ఆ ఫైలు ఎక్కడ దొరుకుతుందో ఆ తెర మీద ఎక్కడా ఉండేది కాదు. ఫర్మ్‌వేర్‌తో కూడిన అనధికారిక డిస్కును డెబియన్ కార్యకర్తలే తయారు చేసేవారు గాని, అది డౌన్‌లోడ్ పేజీలలో వెతికితే తప్ప దొరకని మూలన ఉండేది. అంటే సంస్థకు అవసరం తెలుసు, పరిష్కారమూ తన చేతిలోనే ఉంది, దానిని తనదని చెప్పుకోవడానికి మాత్రం సంకోచించింది. ఇది నిజాయితీ అనిపించుకోదు.

ప్రతివాది: అనధికారిక డిస్కును మూలన పెట్టడం తప్పే. ఒప్పుకోవలసిన ఆ తప్పును ఆ సంఘం సరైన పద్ధతిలోనే సరిదిద్దుకొన్నది. 2022 అక్టోబరు మొదట్లో ముగిసిన ఓటింగ్‌లో డెబియన్ సభ్యులు, హార్డ్‌వేర్ పనిచేయడానికి అవసరమైన మూసిన ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చవచ్చునని సామాజిక ఒప్పందంలోనే ఒక వాక్యం కలిపారు. ఆ పత్రాన్ని మార్చడానికి సాధారణ మెజారిటీ చాలదు, ఒకరికి ముగ్గురు చొప్పున మద్దతు ఉండాలి. ఆ మద్దతు లభించింది. మాటను దొంగచాటుగా తప్పలేదు, బహిరంగంగా మార్చుకున్నారు. ఆ నిర్ణయం చెల్లుతుందన్న విషయంలో వివాదం లేదు.

ఆ నిర్ణయం తెచ్చిన మార్పును మాత్రం పరిశీలించాలి. మొదటిది, అన్నీ చేరలేదు. పాత బ్రాడ్‌కామ్ కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్‌ను పంచిపెట్టడానికి తయారీదారుడు అనుమతి ఇవ్వలేదు గనుక, ఆ ఫైలును వ్యవస్థ నేటికీ నెట్‌వర్క్ మీదుగానే తెచ్చి విడదీయవలసి వస్తున్నది. పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చే విద్యార్థికి ఆ అన్యోన్యాశ్రయం తప్పలేదు. మూసిన ఫైలును క్షమించినంత మాత్రాన తయారీదారుడు ఉదారుడు కాడని దీనివల్ల తెలుస్తుంది. రెండవది, 12వ వెర్షన్ నుంచి ఇన్‌స్టాలర్ హార్డ్‌వేర్‌ను గుర్తించి, కావలసిన ఫర్మ్‌వేర్‌ను అడగకుండానే ఎక్కించి, ఇన్‌స్టాల్ అయిన వ్యవస్థలో కూడా ఆ ఫర్మ్‌వేర్ విభాగాన్ని చేతనం చేస్తున్నది. వినియోగదారునికి తన యంత్రంలో ఏ పరికరం మూసిన ప్రోగ్రాము మీద ఆధారపడి ఉందో తెలిసే సందర్భమే లేకుండా పోయింది.

వాది: అది పూర్తిగా నిజం కాదు. బూట్ చేసేటప్పుడు ఫర్మ్‌వేర్ వద్దన్న ఒక ఐచ్ఛికాన్ని ఆదేశ పంక్తిలో చేర్చితే ఇన్‌స్టాలర్ దాని జోలికి పోదు. ఎక్కించిన ఫర్మ్‌వేర్ వివరాలను ఇన్‌స్టాలర్ తన లాగ్ ఫైళ్లలో నమోదు చేస్తుంది. మూసిన ఫర్మ్‌వేర్ కోసం వేరే విభాగం ఏర్పరచడం వల్ల, ఇదివరకు ఒక వైఫై ఫైలు కోసం మూసిన సాఫ్ట్‌వేర్ విభాగాన్నంతా తెరవవలసి వచ్చిన వినియోగదారుడు ఇప్పుడు ఫర్మ్‌వేర్‌ను మాత్రమే తెరిచి, తక్కిన మూసిన సాఫ్ట్‌వేర్‌ను దూరంగా ఉంచవచ్చు. ఇది స్వేచ్ఛకు జరిగిన మేలే. సందేహం ఉన్నవారికి దారి ఉంది, లేనివారికి అడ్డు లేదు.

ప్రతివాది: బూట్ ఆదేశ పంక్తిలో ఐచ్ఛికం చేర్చగలవారికి ఈ సంవాదమే అవసరం లేదు, మీరు ఇంతసేపూ ఎవరి పక్షాన వాదించారో ఆ విద్యార్థి లాగ్ ఫైలు తెరిచి చూడడు. పాత ఇన్‌స్టాలర్ ఫైలు పేరు చూపించి అడిగిన ప్రశ్న క్రూరమైనదే, ఎందుకంటే జవాబు చెప్పడానికి కావలసిన ఫైలు అతని దగ్గర లేదు. ఇప్పుడు ఆ ఫైలు డిస్కులోనే ఉంది. ఫలానా వైఫై కార్డు, ఫలానా గ్రాఫిక్స్ కార్డు సోర్స్ కోడ్ లేని ప్రోగ్రాములతో నడుస్తాయి, వాటి తయారీదారుడు ఫలానావాడు, ఎక్కించమంటారా అని అడిగితే అవునని ఒక్క మీట నొక్కి ముందుకు పోవచ్చు. చూపులేనివారికి ధ్వని ఫర్మ్‌వేర్‌ను ముందే ఎక్కించి అదే ప్రశ్నను చదివి వినిపించవచ్చు. ప్రశ్నలు పెరిగితే కొత్తవారు బెదురుతారన్న ఆక్షేపణ ఉంది, అది తేలికగా తోసిపుచ్చదగినదీ కాదు. అయినా జవాబు చెప్పలేని కాలంలో ఆ ప్రశ్న అడిగి, జవాబు చెప్పగలిగే కాలం వచ్చాక దానిని తీసివేయడం సరికాదు. ఆ ప్రశ్నను తెలుగుతో సహా ఇన్‌స్టాలర్ మాట్లాడే ప్రతి భాషలోనూ తిరిగి చేర్చాలి.